డిస్కు పోయినా పేరు పోని వాల్యూమ్ గ్రూప్

హెచ్‌పీ-యూఎక్స్ (హెచ్‌పీ వారి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్ నుంచి పాత స్టోరేజ్ డిస్కులు తీసేశాక కూడా, బూట్ అయిన ప్రతిసారీ వాటి వాల్యూమ్ గ్రూప్ (డిస్కులను కలిపి ఒకటిగా వాడుకునే సమూహం) యాక్టివేట్ కాలేదని సిస్టమ్ గోల పెడుతుంటుంది. వాల్యూమ్ గ్రూపుల జాబితా ఉండే /ఈటీసీ/ఎల్‌వీఎమ్‌ట్యాబ్ ఫైల్లో దాని పేరు ఇంకా మిగిలి ఉండటమే కారణం. అది బైనరీ ఫైల్, వీఐ ఎడిటర్‌లో తెరిచి చెరపకండి. లోపల ఏముందో చూడటానికి స్ట్రింగ్స్ కమాండ్ చాలు.

చాలామంది ముందు గ్రూప్‌ను తొలగించే విజీరిమూవ్ కమాండ్ కొడతారు. డిస్కే లేనప్పుడు దానితో పని జరగదు. ఇక్కడ కావలసింది విజీఎక్స్‌పోర్ట్ కమాండ్. పేరు చూసి డేటాను ఎక్కడికో పంపేస్తుందని భయపడక్కర్లేదు. డిస్కు మీది డేటా జోలికి పోదు, ఎల్‌వీఎమ్‌ట్యాబ్‌లోని ఎంట్రీని, /డెవ్ కింది డివైస్ ఫైళ్లను తీసేస్తుందంతే. గ్రూప్ ఇంకా యాక్టివ్‌గా ఉంటే మాత్రం ఫైల్ సిస్టమ్‌లు అన్‌మౌంట్ చేసి, ముందు విజీఛేంజ్ మైనస్ ఏ ఎన్‌తో ఆపాలి.

విజీఎక్స్‌పోర్ట్‌ను మొదటిసారి మైనస్ పి పెట్టి నడపండి, ఏం చేయబోతోందో చెప్పి ఊరుకుంటుంది. మైనస్ ఎమ్‌తో మ్యాప్ ఫైల్ (గ్రూప్‌లోని లాజికల్ వాల్యూమ్‌ల పేర్లు ఉండే ఫైల్) దాచుకుంటే, ఆ డిస్కులను ఎవరైనా మళ్లీ తగిలించినప్పుడు (తగిలిస్తారు కూడా!) గ్రూప్‌ను తిరిగి చేర్చే విజీఇంపోర్ట్‌కు పనికొస్తుంది. /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని పాత మౌంట్ లైన్లూ తీసేయండి.