పద్దెనిమిది నిండిన పిల్లకి స్కూటీ తాళం మూడు విడతల్లో

మొన్న దసరాకి మా అక్క కూతురికి 18 నిండాయి. "మావయ్యా, రేపట్నుంచి కాలేజీకి స్కూటీ మీదే" అంది. మూడు విడతల్లో ఇస్తానన్నాను. మొహం మాడ్చుకుంది.

ఇది నా బుర్రలో పుట్టింది కాదు. న్యూజిలాండ్‌లో 1987 నుంచి లైసెన్సు మూడు మెట్లుగా ఇస్తున్నారు. నడిమి మెట్టులో ఉన్నవాళ్ళు రాత్రి 10 నుంచి పొద్దున్న 5 దాకా ఒంటరిగా బండి తీయకూడదు, స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. మనకి ఆ నడిమి మెట్టు లేదు. ఎల్ఎల్ (నేర్చుకునేవాళ్ళ లైసెన్సు) వచ్చిన 30 రోజులకి టెస్టు, పాసైతే ఆ రాత్రే ఘాటీ కొండదారి ఎక్కినా అడిగేవాడు లేడు. ఆ మెట్టేదో ఇంట్లోనే కట్టుకోవాలి.

18 లోపైతే బేరమే లేదు. 16కే ఇస్తారటగా అంటారు కొందరు. అది 50 సీసీ దాటని బండికి, మా స్కూటీ 110. మైనరు బండితో దొరికితే 2019 సవరణ ప్రకారం పెద్దవాళ్ళకి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లలకి 25 వచ్చేదాకా లైసెన్సు రాదు. "పక్క వీధికేగా" అనే మా బావకి ఇదంతా చదివి వినిపించాను.

మొదటి విడత ఎల్ఎల్ నెల. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్ర ఎల్ ఉండాలి, వెనక సీట్లో నేర్పే లైసెన్సుదారు తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. ఒడిశాలోని పర్లాకిమిడిలో తీసుకున్న ఎల్ఎల్ సరిహద్దు ఇవతల ఆంధ్రలోని పాతపట్నంలో చెల్లుతుందా అని చాలామందికి అనుమానం. దేశమంతా చెల్లుతుంది.

ఈ నెలలోనే పడింది పిల్ల. కోతల రోజులు, రోడ్డు మీద సగం మేర వరిగడ్డి పరిచారు. గడ్డి మీదికి వెళ్ళగానే కంగారుపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కేసింది. చక్రం సర్రున జారింది, ఇద్దరం గడ్డిలోనే పడ్డాం కాబట్టి మోచేతులు గీరుకోవడంతో పోయింది. తప్పు నాది, ముందే చెప్పలేదు. గడ్డి, చోళ్ళు (రాగులు), ఇసుక కనబడితే అక్కడికి చేరకముందే వేగం తగ్గించాలి. దాని మీద ఉండగా ముందు బ్రేకు ముట్టుకోకూడదు, హ్యాండిలు తిప్పకూడదు, తిన్నగా దాటేయాలి. మర్నాడు అదే గడ్డి మీద పదిసార్లు దాటించాను. మంచుకి తడిసిన గుణుపురం లైను రైలు పట్టాలకీ ఇదే సూత్రం: ఏటవాలుగా పోవద్దు, అడ్డంగా దాటాలి.

టెస్టు పాసయ్యాక రెండో విడత, మూడు నెలలు. పగలే, ఒక్కతే, హెల్మెట్ పట్టీ బిగించి. మూడోది చీకటి: మొదట నేను వెనక కూర్చుని వారం రోజులు, ఆ తర్వాతే తన ఇష్టం.

ఇప్పుడు రెండో విడతలో ఉంది. మొన్న ట్యూషన్‌లో చీకటి పడితే స్కూటీ అక్కడే పెట్టి ఫోన్ చేసింది. వెళ్ళి తీసుకొచ్చాను. దారి పొడుగునా సణుగుతూనే ఉంది.