విశాఖ పెరట్లో నాటుకోళ్లను పొదిగించి పెంచడం ఎలా

విశాఖపట్నంలో పెరటికోడి జబ్బుపడిందంటే ముందుగా అనుమానించవలసినది చెమ్మనే. సముద్రపు గాలి వల్ల ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కగా ఉండే ఈ ఊళ్లో గూటిలో పరచిన ఊక రెండు మూడు రోజుల్లోనే ముద్దకడుతుంది. రక్తపారుడు కలిగించే సూక్ష్మజీవులకు ఆ తడి ఊకే ఆటపట్టు. దానిలోంచి లేచే అమ్మోనియా ఘాటు కోళ్ల కళ్లను, ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. అందుచేత గూడు ఎంత అందంగా ఉందన్నదాని కంటే దానిలోంచి గాలి ఎంత ధారాళంగా పోతున్నదన్నది ముఖ్యం.

గూటిని నేలకు రెండడుగుల ఎత్తున సరుగుడు కర్రల మీద కట్టి, ఎదురెదురుగా రెండు వైపులా జాలీ బిగించాలి. వాన జల్లు కొట్టే వైపు టార్పాలిన్ చుట్టి కట్టి ఉంచుకుంటే అవసరమైనప్పుడు దించుకోవచ్చు. పైన రేకు వేసేవారు దాని మీద తాటాకు కూడా పరచాలి, లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో గూడు పొయ్యిలా మారుతుంది. పగలు పెరట్లో తిరిగే కోడికి రాత్రి పడుకోవడానికి రెండు చదరపు అడుగుల చోటు చాలును. అయితే ఆరిలోవ, మధురవాడ, అడవివరం వంటి కొండవార కాలనీల్లో ముంగిసలు, పాములు, పునుగు పిల్లులు తిరుగుతుంటాయి కాబట్టి, పెద్ద కన్నుల కోళ్ల వల నమ్మకుండా అర అంగుళం కన్నుల ఇనుప జాలీయే వాడాలి.

ఏ కోళ్లు తేవాలన్నది మీకు ఏం కావాలన్నదానిపై ఆధారపడి ఉంటుంది. గుడ్లే ముఖ్యమైతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ మంచిది. మాంసం, గుడ్లు రెండూ కావాలంటే అదే సంస్థవారి వనరాజా ఉంది. కానీ ఇవి రెండూ సంకర జాతులు కావడం వల్ల వాటి గుడ్ల నుంచి వచ్చే పిల్లల్లో తల్లిదండ్రుల గుణాలు నిలకడగా రావు, పైగా వాటికి పొదిగే లక్షణం దాదాపు లేదు. పిల్లలు తీయించడంలోనే సరదా ఉన్నవారు ఏడాదికి అరవై, డెబ్బై గుడ్లే వచ్చినా సరిపెట్టుకొని నాటుపెట్టలను తెచ్చుకోవడమే సరైన దారి అని నా అభిప్రాయం. పందెం కోళ్ల జాతి అయిన అసీలు పెట్టలు గుడ్లు ఇంకా తక్కువ పెట్టినా తల్లులుగా వాటికి సాటి లేదు.

గుడ్లు తినడానికే అయితే పుంజు అక్కరలేదు. పిల్లలు కావాలంటే ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. ఒకే పుంజును ఏళ్ల తరబడి ఉంచితే దాని కూతుళ్లతోనే జతకట్టి పిల్లలు బలహీనపడతాయి గనుక, ఏడాదికో రెండేళ్లకో వేరే ఊరి పుంజుతో మార్చుకోవాలి. జతకట్టిన తరువాత రెండు వారాల దాకా పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో పనిచేస్తూ ఉండగలదు. కొత్త పుంజు పిల్లలే కావాలనుకునేవారు పాత పుంజును తీసేశాక మూడు వారాల పాటు వచ్చిన గుడ్లను వంటకు వాడుకొని, ఆ తరువాతి గుడ్లనే పొదుగుకు తీయాలి.

పొదుగుకు మధ్యస్థ పరిమాణంలో, పెంకు నున్నగా, పగులు లేకుండా ఉన్న గుడ్లను ఎంచుకోవాలి. మురికిగా ఉన్నాయని కడగకూడదు, కడిగితే పెంకు మీది రక్షణ పొర పోతుంది. సన్నటి కొన కిందికి ఉండేలా చల్లని గదిలో నిలవచేసి వారంలోగా పెట్టాలి. వేసవిలోనైతే మూడు నాలుగు రోజులు మించరాదు. సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి చివరి దాకా పొదుగు వేస్తే పిల్లలు ఉక్కపోత ముదిరేలోపు కాస్త బలపడతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటి సమయంలో ఇన్వర్టర్ లేని ఇంక్యుబేటర్ అనే పొదుగు యంత్రంలోని గుడ్లు దక్కవు, పెట్ట కింది గుడ్లకు మాత్రం ఆ బెడద ఉండదు.

వెడల్పాటి గంపలో ఇసుక పోసి ఎండుగడ్డి పరచి, రాత్రి పూట పది, పన్నెండు గుడ్లు పేర్చి పెట్టను కూర్చోబెడితే అది త్వరగా కుదురుకుంటుంది. ముందుగా దాని రెక్కల కింద పేలు ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే పేలు పట్టిన పెట్ట పొదుగు వదిలి లేచిపోతుంది. (ఉరుములకు గుడ్లు చెడకుండా గంపలో ఇనుప ముక్క పెట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది, దానివల్ల లాభం సంగతి ఎలా ఉన్నా నష్టమైతే లేదు.) ఏడో రోజు రాత్రి ఫోన్ లైటు మీద గుడ్డును పట్టుకుంటే సాలెగూడులా ఎర్రని నరాలు కనిపించాలి. కనిపించనివాటిని తీసివేయాలి. ఇంక్యుబేటర్ వాడేవారు ఉష్ణోగ్రతను 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి, గుడ్లను రోజుకు మూడు నుంచి ఐదుసార్లు తిప్పుతూ, 18వ రోజు నుంచి తిప్పడం ఆపి తేమ పెంచాలి. 21వ రోజుకు పిల్లలు బయటికి వస్తాయి. ఆలస్యమైందని పెంకును మనం ఒలిస్తే నరాలు తెగి రక్తం కారి పిల్ల చచ్చిపోవచ్చు.

తల్లి ఉన్న పిల్లలకు వేడి సంగతి తల్లే చూసుకుంటుంది. కాకులు, గద్దల నుంచి కాపాడటానికి మొదటి రెండు మూడు వారాలు గంప కింద ఉంచితే చాలు. తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీలు ఉండేలా బల్బు పెట్టి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ కంటే పిల్లల నడతే బాగా చెబుతుంది: బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ.

టీకాల విషయంలో అలసత్వం పనికిరాదు. కొక్కెర తెగులు (రాణీఖెట్) వస్తే కోళ్ల మంద మొత్తం పోతుంది, దానికి చికిత్స లేదు. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో ఆ తెగులు రాకుండా లసోటా అనే టీకా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేయించి, నాలుగో వారంలో మళ్లీ ఇవ్వాలి. రెండో వారంలో గంబోరో అనే మరో తెగులుకు, ఆరో వారంలో మశూచికి, ఎనిమిదో వారంలో మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ అనే టీకా వేయించాలి. టీకా సీసాలో సాధారణంగా వంద మోతాదులు ఉంటాయి, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. కాబట్టి వీధిలో కోళ్లున్న నాలుగైదు ఇళ్లవారు ఒకే రోజు వేయించుకుంటే ఖర్చు కలిసివస్తుంది. కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే వాటిని ముట్టుకోకుండా పశువైద్యునికి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరవరాదు.

మేత సులభం. పెద్ద కోడికి రోజుకు వంద గ్రాముల పైచిలుకు చాలు: నూకలు, చోళ్లు (రాగులు), తవుడు, దానికి తోడు పెరట్లో ఏరుకునే పురుగులు, ఆకులు. హార్బరు దగ్గర దొరికే ఎండు చేపల పొడి మాంసకృత్తులకు మంచిదే గానీ ఉప్పు చేప పెట్టకూడదు, ఎక్కువ ఉప్పు కోళ్లకు విషం. గుడ్ల పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టాలి.

వేసవిలో గోనెపట్టాలు తడిపి కట్టడం పొడి ఎండల రాయలసీమలో బాగా పనిచేస్తుంది. మన ఉక్కలో నీరు ఆరదు, చెమ్మ మాత్రం పెరుగుతుంది. ఇక్కడ చెట్టు నీడ, చిన్న ఫ్యాను, మట్టి కుండలో చల్లని నీళ్లు మేలు. మేత ఉదయం ఆరుకు, మళ్లీ ఎండ తగ్గాక వేయాలి.

నాలుగైదు నెలలకు పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకోవడం, తెల్లవారకుండానే కూయడం మొదలుపెడతాయి. ఒక్కటి ఉంచుకొని మిగతావాటిని కూరకు గానీ ఊళ్లో బంధువులకు గానీ ఇచ్చేయాలి. పందేలకు అమ్మడం సరికాదు, కోడిపందేలు చట్టరీత్యా నేరం. మార్పిడిలో వచ్చిన కొత్త పుంజును మాత్రం మూడు వారాలు వేరే గూట్లో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచి, రెట్ట గట్టిగా ఉందని చూసుకున్నాకే పెట్టల్లోకి వదలాలి.