హెల్స్ ఏంజెల్స్ చరిత్రను పరిశీలించడం ఎలా?

అమెరికాలో పుట్టిన హెల్స్ ఏంజెల్స్ వంటి అవుట్‌లా (చట్టాన్ని, కట్టుబాట్లను లెక్కచేయని) మోటార్‌సైకిల్ క్లబ్బు చరిత్ర రాయదలచినవారు ముందుగా దాని పుట్టుక కథను అనుమానించడం నేర్చుకోవాలి. 1947 జులైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్‌లో జరిగిన అల్లరిని దేశమంతటికీ చాటిన లైఫ్ పత్రిక ఫొటోలో, బీరు సీసాల మధ్య బైకు మీద కూర్చున్న మనిషిని ఫొటో కోసమే అక్కడ కూర్చోబెట్టారన్న ఆరోపణ ఉంది. ఆ గొడవ తర్వాత అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ 'బైకర్లలో 99 శాతం మంది మర్యాదస్తులే' అని ప్రకటించిందంటారు గానీ, అటువంటి ప్రకటన తమ రికార్డుల్లో లేదని ఆ సంఘమే చెప్పింది. అయినా మిగిలిన ఆ ఒక్క శాతం తామేనంటూ ఈ క్లబ్బులవారు '1%' గుర్తును నేటికీ గర్వంగా ధరిస్తారు.

తరువాత సభ్యులు చొక్కా మీద తొడిగే కోటు వీపున ఉండే ప్యాచ్‌ను, అంటే కుట్టిన గుర్తులను, చదవాలి. పైన క్లబ్బు పేరు, నడుమ రెక్కల పుర్రె, కింద ప్రాంతం పేరు ఉంటాయి. తగాదాలు ఎక్కువగా రేగేది ఆ కింది పట్టీ గురించే. కొత్తవాడు ముందు వెంట తిరిగి, ఆపై 'ప్రాస్పెక్ట్'గా, అంటే పరీక్షా దశలోని సభ్యుడిగా, చాకిరీ చేసి, సభ్యులు ఒప్పుకున్నాకే పూర్తి ప్యాచ్‌కు అర్హుడవుతాడు.

ఇక శాఖలను తేదీలవారీగా పటం మీద గుర్తించాలి: 1948లో శాన్ బెర్నార్డినో ప్రాంతం, 1957లో సోనీ బార్జర్ నాయకత్వాన ఓక్లండ్, 1961లో అమెరికా వెలుపల తొలిసారిగా న్యూజిలాండ్‌లోని ఆక్లండ్. అయితే అన్ని శాఖలూ ఒకే వేరు నుంచి మొలిచాయని అనుకోరాదు, ఎందుకంటే తొలినాళ్లలో ఇదే పేరుతో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే కొన్ని గుంపులు ఏర్పడ్డాయి.

విస్తరణలో అసలు కిటుకు స్థానిక క్లబ్బులను కలుపుకోవడంలో ఉంది కాబట్టి, ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టాలి. 2000 డిసెంబరులో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఉన్న సొరెల్‌లో, పొరుగు రాష్ట్రం ఒంటారియోకు చెందిన నూట యాభై మందికి పైగా బైకర్లు, ప్రాస్పెక్ట్ దశతో పనిలేకుండా, ఒక్కరోజులోనే తమ ప్యాచ్ వదిలి హెల్స్ ఏంజెల్స్ ప్యాచ్‌కు మారారు. అప్పటికి క్యూబెక్‌లో హెల్స్ ఏంజెల్స్‌కు ప్రత్యర్థి బైకర్ల ముఠా రాక్ మెషీన్‌తో ఆరేళ్లుగా పోరు నడుస్తోంది. మాదకద్రవ్యాల అమ్మకాల మీద పట్టు కోసం సాగిన ఆ పోరులో 2002 నాటికి 160 మందికి పైగా చనిపోయారు.

కోర్టు కాగితాల్లో ఆరోపణను, తీర్పును వేర్వేరు గడుల్లో రాసుకోవాలి. 1969లో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ సంగీత కచేరీలో జరిగిన హత్య కేసు నిందితుడైన హెల్స్ ఏంజెల్స్ సభ్యుడు ఆత్మరక్షణ వాదనతో నిర్దోషిగా బయటపడ్డాడు. 1979లో బార్జర్ తదితరులపై రికో (వ్యవస్థీకృత నేరాలపై అమెరికా చట్టం) కింద మొదలైన కేసు కూడా అతనికి శిక్ష పడకుండానే ముగిసింది. ఇటువంటి కేసుల్లో అరెస్టు వార్త మొదటి పేజీలో, తీర్పు లోపలి పేజీల్లో రావడం మామూలే కనుక, తర్వాతి నెలల సంచికలను కూడా తిరగేయాలి.