ఒప్పుకోలు పాఠాలు - 3: ‘అవును సార్’ అంటే సరిపోదు

కిందటి భాగంలో అభియోగాన్ని ముద్దాయికి అర్థమయ్యే భాషలో చదివి వివరించడం దాకా వచ్చాం. ఈసారి అసలు పని: కోర్టులో ముద్దాయి నేరం "ఒప్పుకుంటున్నా సార్" అన్నాక ఏం అడగాలి, ఏం రాయించాలి. నాంపల్లి కోర్టులకు కొత్తగా వచ్చే జూనియర్లు, ముఖ్యంగా లీగల్ ఎయిడ్ తరఫున నిలబడేవాళ్లు, దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి.

సమన్స్ కేసుల్లో (రెండేళ్లకు మించని శిక్ష ఉండే చిన్న నేరాలు) ఒప్పుకోలును వీలైనంత వరకు ముద్దాయి అన్న మాటల్లోనే రాయాలని బీఎన్ఎస్ఎస్, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, సెక్షన్ 275 చెబుతోంది (దానికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో 252). అంతకన్నా పెద్ద నేరాలైన వారెంట్ కేసులకు 264. రెండింట్లోనూ శిక్ష వేయడం మేజిస్ట్రేట్ విచక్షణే, ఒప్పుకోగానే వేసి తీరాలని లేదు. ముద్దాయి మాటల్లోనే రాయాలనే నిబంధన 1898 నాటి సీఆర్‌పీసీలోనూ ఉండేది, అది పాటించి తీరాల్సిందేనని మహంత్ కౌసల్యా దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "నేరం అంగీకరించాడు" అన్న రబ్బరు స్టాంపు వాక్యం చూస్తే మీకు అనుమానం రావాలి.

ఇప్పుడు ఒక ఊహా కేసు. సెల్‌ఫోన్ దొంగతనం. కుర్రాడు "అవును సార్, ఫోన్ తీసుకున్నా" అన్నాడు. అక్కడితో ఆగకండి. "ఎక్కడ తీసుకున్నావ్ తమ్ముడూ?" అని అడిగితే, "ఆటోలో సీటు కింద దొరికింది, ఎవరిదో తెలీక జేబులో పెట్టుకున్నా, ఎవరైనా ఫోన్ చేస్తే ఇచ్చేద్దామనుకున్నా" అంటాడు. మరి ఇందులో దురుద్దేశం ఏది? అది లేకపోతే దొంగతనమే లేదు, ఒప్పుకోలూ లేదు, కేసు విచారణకు వెళ్లాలి. "కొట్టాను సార్, కానీ వాడు కర్ర తీసుకుని మీదకొచ్చాడు" అన్నా అంతే, అక్కడ ఆత్మరక్షణ వాదన నిలువునా కనబడుతోంది. నేరానికి చట్టం చెప్పిన ఒక్కో అంశం ముద్దాయి నోటి నుంచి వస్తోందా లేదా, ఇదొక్కటే పట్టుకోండి.

డ్రంక్ అండ్ డ్రైవ్‌లోనూ ఇదే. మోటారు వాహనాల చట్టం 185 కింద 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటి ఉండాలి, పైగా బండి నడుపుతూనో నడపబోతూనో ఉండాలి. తాగి, ఆపేసిన కారు వెనక సీట్లో నిద్రపోయిన మనిషి కూడా అందరితో పాటు తలూపేస్తాడు, ఎందుకంటే ఫైన్ కట్టి సాయంత్రానికి డ్యూటీకి పోవాలనే టెన్షన్ తప్ప అతని బుర్రలో ఇంకేం ఉండదు.

ఇక చాలామంది అడగని ప్రశ్న: ఎందుకు ఒప్పుకుంటున్నావ్? పక్కన కానిస్టేబుల్ లేనప్పుడు అడగండి. చంచల్‌గూడలో రిమాండ్‌లో ఉన్నవాడికి "ఒప్పేసుకుంటే లోపల ఉన్న రోజులే శిక్ష, ఇవాళే బయటికి" అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ లెక్క నిజం కావచ్చు, తప్పని నేననను, కానీ మిగతా సగం కూడా అతనికి చెప్పారా? శిక్ష పడితే రికార్డులో ఉండిపోతుంది, ఉద్యోగానికో పాస్‌పోర్టుకో పోలీస్ వెరిఫికేషన్‌లో అడ్డు తగలొచ్చు. అప్పీల్ కూడా శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంత వరకే, నేరమే చేయలేదని తర్వాత అనడానికి బీఎన్ఎస్ఎస్ 416 దారి మూసేస్తుంది.

అమెరికాలో 1969 నాటి బాయ్‌కిన్ కేసు ఒకసారి చూడండి. ఐదు దోపిడీ నేరాలు ఒప్పుకున్న మనిషిని జడ్జి ఒక్క ప్రశ్న అడిగినట్టు కూడా రికార్డులో లేదు, పడింది మరణశిక్ష. అందుకే అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

వచ్చే భాగానికి హోంవర్క్: దొంగతనం, గాయపరచడం, డ్రంక్ అండ్ డ్రైవ్, మూడింటికీ అవును కాదు అని తప్పించుకోలేని ప్రశ్నలు నాలుగేసి రాయండి. తెలుగులో, హైదరాబాదీ ఉర్దూలో కూడా. ఒడిశా నుంచి వచ్చిన కూలీ అయితే దుభాషిని ఎలా అడగాలో అప్పుడు చూద్దాం.