కథాపందెం పాఠాలు – 3: మధ్యలో అందుకోవడం

కథాపందెం అంటే చీటీల మీద ఉన్న మాటలు కలుపుకుంటూ కథ చెప్పే ఆట. పోయిన పాఠంలో ఇచ్చిన పని అయిందా? నాలుగు చీటీలు తీసి, ముగింపు చీటీ ఎదురుగా పెట్టుకుని, ఎవరూ అడ్డు రాకుండా రెండు నిమిషాల్లో కథ ముగించమన్నాను. అది ఇంకా తడబాటుగానే ఉంటే ఈ పాఠాన్ని రెండు రోజులు పక్కన పెట్టి, ఆ పనే మళ్లీ చేయండి. ఇవాళ నేర్చుకోబోయేది పక్కవాళ్ల నోట్లోంచి కథ తీసుకోవడం. మన కథ పక్కవాళ్లు తీసుకున్నప్పుడు ఏం చేయాలో కూడా చూద్దాం.

నియమాలు ఒక్కసారి గుర్తు చేస్తాను. తలా నాలుగు కథ చీటీలు, ఒక ముగింపు చీటీ. కథ చీటీ మీద ఒక మాట ఉంటుంది, ముగింపు చీటీ మీద కథ చివరి వాక్యం. కథ చెప్తూ మీ చీటీలోని మాట వాడినప్పుడు ఆ చీటీ కింద పెడతారు. చెప్పేవాళ్ల కథలో మీ చేతిలో ఉన్న మాట వస్తే ఆ చీటీ కింద పెట్టి కథ మీరు అందుకోవచ్చు. కథ పోగొట్టుకున్నవాళ్లు కట్టలోంచి ఒక చీటీ తీసుకోవాలి. ఐదు లెక్కపెట్టేలోగా నోరు పెగలకపోయినా కథ పక్కవాళ్లకి వెళ్లిపోతుంది. చేతిలో చీటీలన్నీ అయిపోయి, ముగింపు కథకి అతికితే గెలిచినట్టు. 1993లో వచ్చిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ అనే కార్డుల ఆట నడిచే తీరు ఇంచుమించు ఇదే. అయితే తెలుగులో ఆడితే కొన్ని చిక్కులు వస్తాయి. వాటిని మనమే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు క్రియ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. “ముసలమ్మ తాళంచెవిని బావిలో...” అన్నంతవరకు ఆమె ఏం చేసిందో ఎవరికీ తెలియదు. పడేసిందా, వెతికిందా, దాచిందా? ‘బావి’ చీటీ ఉన్నవాళ్లు అక్కడే లాక్కుంటే చెప్పేవాళ్ల మనసులో ఉన్న పని గాల్లో కలిసిపోతుంది. అది అన్యాయమని నా అభిప్రాయం. నా మాట, నా మనిషి, నా వస్తువు అన్నీ పెట్టాక అసలు పని వేరేవాళ్లు చేసేస్తే కథ చెప్పాలన్న ఉత్సాహమే చచ్చిపోతుంది. అందుకే మన ఆటలో చీటీ వెంటనే టేబుల్ మీద పడాలి, నోరు మాత్రం క్రియ వచ్చాకే విప్పాలి.

ఈ నియమం పెట్టిన మొదటి రోజే దీన్ని తప్పించుకునే దారి కూడా కనిపెట్టేస్తారు. “ముసలమ్మ బావి దగ్గరికి వెళ్లి, తాడు విప్పి, చేద దించి, లోపలికి తొంగి చూసి...” అంటూ వాక్యం ముగించకుండా సాగదీస్తారు. బాగా మాటకారులైనవాళ్లు ఇలా ఒక నిమిషం లాగగలరు. కాబట్టి వెళ్లి, విప్పి, చూసి లాంటి అసమాపక క్రియ వచ్చినా చాలు, అక్కడ కథ చేతులు మారవచ్చు. ఈ రెండు నియమాలూ కాగితం మీద రాసి టేబుల్ మధ్యలో పెట్టుకోండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

రెండో చిక్కు పర్యాయపదాలు. చెప్పేవాళ్లు ‘వర్షం’ అన్నారు, మీ చీటీలో ‘వాన’ అని ఉంది. చెల్లుతుందా? చెల్లుతుంది, వస్తువు ఒకటే కాబట్టి. ‘జీను బిగించాడు’ అంటే ‘గుర్రం’ చీటీ చెల్లుతుందా? చెల్లదు. గుర్రం మనకి తడుతుంది కానీ మాటల్లో రాలేదు. చెప్పేవాళ్లకి ఇది మంచి ఆయుధం. మీ చేతిలో లేని మాట కథకి అవసరమైతే దాన్ని నేరుగా అనకండి. రాత్రి అనే బదులు ఊరంతా నిద్రపోయాక అనండి. కథ కూడా అందంగా తయారవుతుంది.

ఇక అసలు నైపుణ్యానికి వద్దాం. చీటీ ఉంది కదా అని లాక్కోవడం ఎవరికైనా వస్తుంది. లాక్కున్నాక చెప్పే మొదటి వాక్యమే కష్టం. ఒక ఆటలో జరిగింది చెప్తాను.

మా వదిన, ఆమె చెల్లెలి కూతురు, నేను కూర్చున్నాం. పిల్లకి పన్నెండేళ్లు. వదిన మొదలుపెట్టింది: “అనగనగా ఒక ముసలమ్మ.” చీటీ పడింది. “ఆమె ఇంటి వెనక పాడుబడ్డ బావి ఉండేది.” ఇంకో చీటీ. “రోజూ ఊరు సద్దుమణిగాక ఆ బావిలోంచి ఎవరో పాట...”

“ఆగు పెద్దమ్మా! పాట నాది!” అని పిల్ల చీటీ కొట్టింది.

“...పాడినట్టు వినిపించేది,” అని వదిన వాక్యం పూర్తిచేసి, కట్టలోంచి ఒక చీటీ తీసుకుంది.

పిల్ల అందుకుంది: “ఇంతలో ఆ దేశపు రాజు వేటకి బయల్దేరాడు.” ‘రాజు’ చీటీ పెట్టేసింది.

నియమం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ముసలమ్మ ఏమైంది? పాట ఎవరిది? రాజు అడవిలో తిరిగాడు, తిరిగాడు, ఎక్కడా ఆ బావి ఎదురుపడలేదు. పిల్ల మాట ఆగిపోయింది. ఐదు లెక్కపెట్టేశాం. కథ నా దగ్గరికి రావాలి. నేను వద్దన్నాను. “చీటీలు అవే పెట్టుకో, పాట దగ్గర్నుంచి ఇంకోలా చెప్పు. ‘ఇంతలో’ అనకూడదు, ముసలమ్మని వదలకూడదు,” అన్నాను.

కాసేపు పైకి చూసి మళ్లీ మొదలుపెట్టింది: “ఆ పాట వినగానే ముసలమ్మ గుర్తుపట్టింది. రాజుగారి పిల్లలకి తను నేర్పిన జోల అది.” రాజు చీటీ ఈసారి కూడా పడింది, అదే చోట. కానీ ముసలమ్మ, బావి, పాట, రాజు నలుగురూ ఒకే కథలోకి వచ్చేశారు. తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేకపోయింది. ఆ పిల్ల ముఖంలోనే తెలిసింది.

‘ఇంతలో’, ‘అదలా ఉండగా’, ‘ఒకరోజు’ అన్న మాటలు కథ అందుకునేటప్పుడు ఎక్కువగా దొర్లుతాయి. అవతలివాళ్లు కట్టిందంతా పక్కకి నెట్టేసి మన చీటీకి చోటు చేసుకోవడానికి అవి పనికొస్తాయి. కనీసం నెల రోజులు వాటిని మానేయండి. వాటి బదులు ‘అందుకని’, ‘అయితే’, ‘వినగానే’, ‘చూసి’ అని మొదలుపెట్టి చూడండి. ఆఖరిగా కథలో నిలబడి ఉన్న మనిషే మీ మొదటి వాక్యంలోనూ ఉండాలి. ఇంకొకరు తెచ్చిన పాత్రని వెంటనే చంపేయడం, దూరదేశం పంపేయడం కూడా వద్దు. ఆ పాత్ర తెచ్చినవాళ్లకి మనసు కష్టమవుతుంది. పైగా రెండు నిమిషాలు పోయాక మీకే ఆ పాత్ర కావాల్సి వస్తుంది.

అదే ఆటలో వదిన వైపు చూడండి. కథ పోయింది, చేతిలో చీటీ పెరిగింది. చాలామంది ఈ దశలో టెన్షన్ పడిపోయి, తమ వంతు వచ్చాక ఏం చెప్పాలా అని లోపల్లోపల అల్లుకుంటూ ఉంటారు, బయట నడుస్తున్న కథ చెవికెక్కదు. వదిన కొత్తగా వచ్చిన చీటీ చూసుకుంది: ‘తాళంచెవి’. అప్పటికే చేతిలో ‘తలుపు’, ‘దీపం’ ఉన్నాయి. ముగింపు చీటీలో ఉన్నది “ఆ రోజు నుంచి ఆ తలుపుకి ఎవరూ తాళం వేయలేదు.” మూడింటినీ సర్దుకుని, ఇక పిల్ల నోటి వంకే చూస్తూ కూర్చుంది.

పిల్ల చెప్తోంది: “ఏడేళ్ల కిందట శత్రువులు వచ్చినప్పుడు రాజుగారి పిల్లల్ని బావి అడుగున ఒక గదిలో దాచి తలుపు వేసేశారు.”

‘తలుపు’ టేబుల్ మీద పడింది. “ఆ తాళంచెవి ఏడేళ్లుగా ముసలమ్మ కొంగునే ఉంది. శత్రువులు వెళ్లిపోయారని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు, అందుకని ఆమె తీయలేదు. ఆ పాట విన్నాక మాత్రం దీపం పట్టుకుని బావిలోకి దిగింది. ఆ రోజు నుంచి ఆ తలుపుకి ఎవరూ తాళం వేయలేదు.”

కథ పోయినందుకు తీసుకోవాల్సి వచ్చిన చీటీతోనే గెలిచింది. అయితే గదిని, దాచిన పిల్లల్ని కథలో సిద్ధం చేసి పెట్టింది మాత్రం ఆ పన్నెండేళ్ల పిల్ల. ముసలమ్మని వదలొద్దన్నందువల్లే అవి కథలోకి వచ్చాయి.

కాబట్టి ఎదుటివాళ్లు చెప్తున్నప్పుడు చేతిలో చీటీలు రెండు భాగాలు చేసుకోండి. వాళ్ల కథలో ఇవాళో రేపో రాబోయే మాటలు కుడివైపు, నేను చెప్తే తప్ప రానివి ఎడమవైపు. కుడివైపువి కథ అందుకోవడానికి దాచుకోవాలి, ముందే ఖర్చు పెట్టేయకూడదు. కథ చేతిలో ఉన్నప్పుడు ఎడమవైపువి వదిలించుకోవాలి.

ఇంటి పని రెండు రకాలు. ఒంటరిగా నేర్చుకుంటున్నవాళ్లు ఫోన్‌లో ఒక నిమిషం కథ రికార్డు చేసి, మర్నాడు వినండి. ఎక్కడో ఒకచోట ఆపి, ఆ వాక్యంలోని ఒక మాట పట్టుకుని వేరే మనిషిలా కథ అందుకోండి. రోజుకి మూడుసార్లు, వారం పాటు. ఒకే కథని మూడు చోట్ల ఆపితే మూడు కథలు రావాలి. తోడున్నవాళ్లు గెలుపోటములు లేకుండా పావుగంట ఆడండి. ఎవరు ‘ఇంతలో’ అన్నా చీటీ వెనక్కి తీసుకుని ఆ వాక్యం మళ్లీ చెప్పాలి.

వచ్చే పాఠంలో అభ్యంతరం చెప్పడం నేర్చుకుందాం. నమ్మలేని గొప్పలు చెప్పడంలో పేరుపడ్డ బారన్ మంచాసెన్ పేరు మీద 1998లో వచ్చిన ఒక ఆటలో అడ్డుపడాలంటే ముందు నాణెం పెట్టాలి. చెప్పేవాళ్లు ఆ నాణెం తీసుకుంటే అభ్యంతరాన్ని కథలో కలుపుకోవాలి. ఒప్పుకోకపోతే తమ నాణెం కూడా జతచేసి వెనక్కి నెట్టవచ్చు. ఆడేవాళ్లు ఎంతమంది ఉంటే తలా అన్ని నాణేలు సిద్ధంగా పెట్టుకోండి.