నీటి శాంపిలింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: డూప్లికేట్, బ్లాంక్

పోయిన పాఠంలో బోరింగు ఎంతసేపు కొట్టాక సీసా పట్టాలో చూశాం: కండక్టివిటీ (నీటిలో కరెంటు ఎంత పారుతుందన్న కొలత), పీహెచ్ వరుసగా మూడుసార్లు దాదాపు ఒకేలా వచ్చేదాకా. ఈసారి, ఆ సీసాలోంచి వచ్చిన అంకెను ఎదుటివాళ్లు ఎందుకు నమ్మాలి అన్నది. మహారాష్ట్రలోని రాజురా, బల్లార్షా, సిరొంచా వైపు ఈ పనిలో చేరే మన తెలుగు కుర్రాళ్లకు సీసా పట్టడం ఎవరో ఒకరు నేర్పుతారు, మన సామాను శుభ్రతను పరీక్షించే బ్లాంక్ సంగతి మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

చంద్రపూర్ జిల్లాలో భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లున్నాయి. ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం ప్రకారం తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. ఒక ఊరి బోరింగులో మీకు 1.6 వచ్చిందనుకోండి. దానికి ఎర్ర రంగు పూసి తాగొద్దని చెప్పాలా? చెబితే ఆ ఆడవాళ్లు రేపట్నించి ఇంకెక్కడికో బిందెలు మోయాలి, చెప్పకపోతే పిల్లల పళ్లు, ఎముకలు పోతాయి. ఇంత బరువు ఒక్క సీసా మీద పెట్టకూడదు.

కాబట్టి అదే బోరింగు దగ్గర, అదే నిమిషంలో, ఒకదాని వెంట ఒకటి రెండు సీసాలు పట్టండి. ఇదే డూప్లికేట్. పది శాంపిళ్లకు ఒకటి చొప్పున పెట్టుకుంటే సరిపోతుంది. రెండోదానికి వేరే నంబరు వేయండి, టైమూ మార్చి రాయండి, జంట అని ల్యాబ్‌కు తెలియకూడదు. అసలు సంగతి మీ ఫీల్డు పుస్తకంలో మాత్రం ఉండాలి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసాయే, గాజు వద్దు.

రిపోర్టు వచ్చింది, ఒకటి 1.6, ఇంకొకటి 1.4. తేడా 0.2, సగటు 1.5, తేడాను సగటుతో భాగించి వందతో గుణిస్తే సుమారు 13 శాతం. నీటికి సాధారణంగా 20 శాతం దాకా ఒప్పుకుంటారు, కాబట్టి మీ పని బాగానే ఉంది. కానీ చూడండి, ఒకటి హద్దుకు పైన, ఒకటి కింద! ఇక్కడే చాలామంది నచ్చిన అంకె ఉంచి రెండోది దాచేస్తారు. అలా చేయొద్దు. రెండూ రిపోర్టులో రాయండి, ఈ బోరింగు సరిగ్గా హద్దు మీద ఉంది, మళ్లీ పరీక్షించాలి అని స్పష్టంగా రాయండి. ఊరివాళ్లకు నిజం అదే.

బ్లాంక్ ఇంకో రకం సాక్షి. ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన నీటిని, కడిగిన మీ బెయిలర్ (బావిలోంచి నీళ్లు తోడే గొట్టం) మీదుగా, ఫిల్టర్ గుండా పోసి సీసాలో పట్టి, మామూలు శాంపిల్‌లాగే పంపడం. లోహాలు చూసేటప్పుడు ఇది తప్పనిసరి. బ్లాంక్‌లో ఇనుము 0.2 వచ్చి, బావి నీటిలో 0.35 వస్తే ఆ ఇనుము బావిదో మీ సామానుదో ఎవరూ చెప్పలేరు. బ్లాంక్‌లో వచ్చినదానికి కనీసం ఐదు రెట్లు ఉంటేనే శాంపిల్ అంకెను ధీమాగా వాడుకోవచ్చు. పెట్రోలు బంకు పక్క బావిలో బెంజీన్‌లాంటి ఆవిరయ్యేవి వెతుకుతుంటే, ల్యాబ్‌లోనే శుభ్రమైన నీరు నింపి మూతేసి పంపిన సీసా ఒకటి మీతో పాటు తిరిగి, మూత తీయకుండానే వెనక్కి వెళ్లాలి. అది ట్రిప్ బ్లాంక్.

ఇక ఎండ. మే నెలలో చంద్రపూర్ 45 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దున నింపిన ఐస్ మధ్యాహ్నానికి నీళ్లయిపోతుంది, లేబుల్ సిరా కరిగిపోతుంది. ఐస్‌ను రెండు పాలిథీన్ సంచుల్లో కట్టండి, లేబుల్ మీద టేపు అంటించండి. పెట్టెలో ఒక సీసా మామూలు నీళ్లు కూడా పెట్టండి, ల్యాబ్‌వాళ్లు పెట్టె తీయగానే దాని వేడి చూస్తారు, 6 డిగ్రీలు దాటకూడదు. ఫ్లోరైడ్ 28 రోజులు ఆగుతుంది, నైట్రేట్‌కు 48 గంటలే గడువు. అందుకని శనివారం పట్టి ఆదివారం మూసి ఉన్న ల్యాబ్ గుమ్మంలో పెట్టెను వదిలేసే పని పెట్టుకోకండి.

అభ్యాసం: ఒక బోరింగు డూప్లికేట్లలో ఫ్లోరైడ్ 1.2, 1.7 వచ్చాయి, బ్లాంక్‌లో 0.1. శాతం లెక్క కట్టండి. బ్లాంక్ పరీక్ష నెగ్గిందా? డూప్లికేట్ నెగ్గిందా? నెగ్గకపోతే ఫీల్డు పుస్తకంలో మొదట ఏ గడి తిప్పి చూస్తారు, ల్యాబ్‌ను ఏమడుగుతారు? రాసి పెట్టుకున్నాకే మట్టి శాంపిళ్ల పాఠానికి రండి.