నాటకం రాద్దాం - 4వ పాఠం: కోర్ట్ మార్షల్ సీను

పోయిన పాఠంలో రాత్రి గస్తీ సీను రాసుకున్నాం. కశ్మీర్ సరిహద్దు అడవిలో అలికిడైంది, మేజర్ కాల్చమన్నాడు. తెల్లారి చూస్తే పడి ఉన్నది కట్టెలకు పోయిన ఇద్దరు ఊరోళ్లు. ఇప్పుడు ఆ మేజర్‌ను కోర్ట్ మార్షల్‌లో, అంటే సైన్యం సొంత కోర్టులో, విచారించాలి.

కథ మన ప్రాంతం వాళ్లదే అయినా, ఘటనను మాత్రం నల్లమలకు మార్చకండి. పౌరుణ్ని హత్య చేశాడన్న కేసు మామూలుగా బయటి క్రిమినల్ కోర్టుకే పోతుంది. యాక్టివ్ సర్వీసులో, అంటే శత్రువు మీద ఆపరేషన్ లాంటి పనిలో, ఉండగానో, దేశం బయటో, కేంద్రం ప్రకటించిన సరిహద్దు పోస్టులోనో జరిగితేనే కోర్ట్ మార్షల్ విచారిస్తుంది.

నల్లకోటు, సుత్తి, "ఆర్డర్ ఆర్డర్" అన్నీ తీసేయండి. 1950 ఆర్మీ చట్టం ప్రకారం జనరల్ కోర్ట్ మార్షల్‌లో కనీసం 5 మంది ఆఫీసర్లు కూర్చుంటారు. న్యాయం సంగతి చెప్పడానికి జడ్జ్ అడ్వకేట్ ఉంటాడు, ఓటు మాత్రం ఉండదు. అభిప్రాయాలు అడిగేది అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టి. పెద్దల మాట విన్నాక చిన్నోడు జంకుతాడు కదా! ఓట్లు సమానంగా చీలితే నిర్ణయం నిందితుడి వైపే. తలుపులు మూసిన గదిలో ఆ కుర్ర ఆఫీసరు నోరు విప్పే ఘట్టానికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు.

అసలు పని క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే చోట, ఉంది. సాక్షి మునుగోడు హవల్దార్, అడిగేది మేజర్ తరఫు వకీలు.

"ఎంత దూరం?"
"నలభై గజాలు సార్."
"వెన్నెల ఉందా?"
"లేదు సార్, మబ్బు పట్టింది."
"వాళ్ల చేతిలో ఏముంది?"
"పొడుగ్గా ఏదో ఉంది సార్."
"తుపాకీయా?"
"కట్టె అని తెల్లారినంక ఎరుకైంది సార్."

ఇందులో ఒక్క అరుపు లేదు, దేశభక్తి ఉపన్యాసం లేదు. ప్రతి ప్రశ్నా కొలిచి చూడగలిగిన దాని గురించే. చచ్చిపోయినవాళ్లు అమాయకులని ప్రేక్షకులకు ముందే తెలుసు. కోర్టు తేల్చాల్సింది వేరు: కాల్చమన్నప్పుడు ఆ చీకట్లో మేజర్‌కు ఏం కనబడింది? అందుకే "తెల్లారినంక" అన్న జవాబు మేజర్‌కు ఊపిరి పోస్తుంది. దాని మీదే ప్రాసిక్యూటర్ లేచి, "తెలియనప్పుడు ఎందుకు ఆగలేదు?" అని అడిగితే ఆ ఊపిరే ఆగుతుంది. ఒకే జవాబు రెండు పక్షాలకూ పనికిరావాలి. అలా రాకపోతే సాక్షిని మార్చండి, డైలాగులను కాదు. హవల్దార్ మొదట పద్ధతిగా మాట్లాడి, టెన్షన్ పెరిగేకొద్దీ ఇంటి భాషలోకి జారనివ్వండి. నల్గొండ ప్రేక్షకులు అక్కడ చెవులు రిక్కిస్తారు.

శిక్ష చదవడంతో తెర దించకండి. పై అధికారి ఖరారు చేసేదాకా అది చెల్లదు. ఆ ఎదురుచూపు సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: చంద్రుడు లేని రాత్రి ఊరి బయట ఖాళీ జాగాలో దోస్తు చేతికి గొడుగో కట్టెనో, ఏదిచ్చారో మీకు తెలియకుండా ఇంకొకరితో ఇప్పించి, నలభై గజాల అవతల నిలబెట్టండి. మూడు లెక్కపెట్టేంతసేపు చూసి తల తిప్పుకోండి. అడగకుండానే, మీరు చూసిందే హవల్దార్ జవాబులుగా తిరగరాయండి.